బ్యాండు మేళానికి పాట మార్చి రాసుకోవచ్చా? హక్కులు, నియమాలు: తరచూ అడిగే ప్రశ్నలు

మాఘమాసంలో అంతర్వేది తీర్థం, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, డిసెంబరంతా చర్చి ఊరేగింపులు, ముహూర్తాలుంటే రాత్రికి రెండేసి పెళ్లిళ్లు. గోదావరి జిల్లాల బ్యాండు మేళాలకు పనికి కొదవ లేదు. కొదవల్లా మనుషులకే. ఒక ఊరేగింపుకు పన్నెండుమంది దొరికితే మరోదానికి అయిదుగురే వస్తారు. క్లారినెట్ ఆయన పాలకొల్లులో ఒప్పుకుంటే అమలాపురంలో ఆ లోటు శాక్సోఫోన్‌తో పూడ్చుకోవాలి. కాబట్టి పాటను జట్టుకు తగ్గట్టు మార్చి రాయడం ఇక్కడ రోజువారీ అవసరం. దాని చుట్టూ ఉన్న చట్టం మీద భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. బ్యాండు మాస్టర్లు, సంగీతం టీచర్లు, ఫంక్షన్ హాలు యజమానులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. కేసు దాకా వెళ్లిన వ్యవహారమైతే వకీలును కలవాల్సిందే.

ఎవరొచ్చినా వాయించగలిగేలా రాయడం అంటే ఎలా?

మామూలు బ్యాండు స్కోరులో ప్రతి వాయిద్యానికీ ఒక కాగితం ఉంటుంది. మొదటి క్లారినెట్, రెండో క్లారినెట్, ట్రంపెట్, యుఫోనియం ఇలా. అందులో ఒకరు రాకపోతే పాటలో ఆ మేరకు గొయ్యి పడుతుంది. అలా కాకుండా పాటను నాలుగు వరసలుగా విడదీస్తారు: పల్లవి నడిపే వరస, దానికి తోడు వరస, మధ్య వరస, కింది శ్రుతిలో నడిచే బేస్ వరస. ఒక్కో వరసను అన్ని వాయిద్యాలకూ పనికొచ్చేలా వేరువేరు శ్రుతుల్లో రాసి ఉంచుతారు. ఆ రోజు ఎవరు వస్తే వాళ్లకు కావలసిన కాగితం ఇస్తారు.

ఉదాహరణకు పాట ఆధార షడ్జమం పియానో మీద బి ఫ్లాట్ అనుకుందాం. క్లారినెట్, ట్రంపెట్, టెనర్ శాక్సోఫోన్ వాయించేవాళ్ల కాగితం మీద అది సి అని కనిపించాలి. ఆల్టో శాక్సోఫోన్ కాగితం మీద జి అవుతుంది. ట్రాంబోన్‌కు బేస్ క్లెఫ్‌లో బి ఫ్లాట్‌గానే రాస్తారు. క్లారినెట్ తేలిగ్గా ఎక్కే పైస్థాయి సంగతి ట్రంపెట్ వాయించే కుర్రాడికి అందకపోతే, అతని కాగితంలో అదే సంగతిని ఒక స్థాయి కిందికి దించుతారు. బేస్‌కు యుఫోనియం లేకపోతే ట్రాంబోన్, అదీ లేకపోతే కీబోర్డు. డోలు, సైడ్ డ్రమ్, తాషా ఎన్ని ఉన్నా సరిపోయేలా తాళం వేరే కాగితం మీద ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో పుట్టిన పెర్సీ గ్రేంజర్ 1929 నాటికే దీన్ని ఎలాస్టిక్ స్కోరింగ్ అని పిలిచి తన రచనలకు వాడాడు. 2020లో కరోనా వల్ల స్కూలు బ్యాండ్లు చిన్నచిన్న జట్లుగా చీలినప్పుడు అమెరికా ప్రచురణకర్తలు ఇలాంటి స్కోర్లు పెద్దఎత్తున తెచ్చారు. మన మేళాలు ఈ పనిని కాగితం లేకుండా తరతరాలుగా చేస్తూనే ఉన్నాయి. ఆ నేర్పును తక్కువ చేసి చూడకూడదని నా గట్టి నమ్మకం.

అలా మార్చి రాయడానికి ఎవరి అనుమతైనా కావాలా?

బాణీ మీద కాపీరైట్ ఇంకా ఉంటే కావాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 2వ సెక్షన్ సంగీత రచనకు చేసే అరేంజ్‌మెంటును, ఒక వాయిద్యం నుంచి మరో వాయిద్యానికి మార్చి రాయడాన్ని అడాప్టేషన్ కిందే లెక్కగట్టింది. 14వ సెక్షన్ ప్రకారం అడాప్టేషన్ చేసే హక్కు ఆ బాణీ యజమానిదే. రాగం మార్చలేదు, తాళం మార్చలేదు, వాయిద్యాలే మార్చాం అంటే చట్టం ముందు అది జవాబు కాదు.

అయితే అదే చట్టం కొన్ని సందర్భాలకు మినహాయింపులు ఇచ్చింది. మన మేళాల సంపాదనలో పెద్ద భాగం వాటి పరిధిలోకే వస్తుంది. అవి కింద వస్తాయి.

మేం నొటేషన్ చూడం. సినిమా పాట చెవితో విని పట్టుకుంటాం. అప్పుడు కూడానా?

అప్పుడు కూడా. కాగితం మీద పెట్టినా పెట్టకపోయినా సంగీతం కూర్చినవాడే కంపోజర్ అని చట్టం స్పష్టంగా చెప్పింది. అంటే నొటేషన్ లేనంత మాత్రాన ఆ బాణీ ఎవరిదీ కాకుండా పోదు. ఇదే మాట మీకూ మేలు చేస్తుంది. మీ మాస్టరు కాగితం ముట్టకుండా కట్టిన కొత్త బాణీ కూడా ఆయనదే అవుతుంది.

ఏ బాణీలు అందరివీ, ఏవి కావు?

స్వరకర్త బతికినంత కాలం, ఆయన పోయిన తర్వాతి సంవత్సరం నుంచి మరో 60 ఏళ్లు బాణీ మీద కాపీరైట్ ఉంటుంది. అంతకుముందు అది 50 ఏళ్లే. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు, ఆయన రచనల గడువు 1991తో ముగియబోతుంటే దాన్ని 60కి పెంచారు. జాతీయగీతం మీద కాపీరైట్ ఆ లెక్కన 2001 చివరితో తీరిపోయింది.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. ఆయన కృతిని అయిదుగురికి రాసుకున్నా యాభైమందికి రాసుకున్నా అడిగేవారు లేరు. పురుషోత్తమ చౌధరి 1890లో కాలం చేశారు, ఆయన క్రైస్తవ కీర్తనలూ అంతే. కర్త తెలియని పడవ పాటలు, ఊడ్పుల పాటలు, ఏలపాటలు అందరివీ. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కృతినో జానపదాన్నో సినిమాలో వాడినప్పుడు మధ్యలో వచ్చే వాయిద్య సంగీతం, చేర్చిన కొత్త చరణం ఆ సంగీత దర్శకుడివి. మూలాన్ని గురువు దగ్గరి పాఠం నుంచి తీసుకోండి, సినిమా రికార్డు నుంచి కాదు.

పాత సినిమా పాటల దగ్గరే అందరూ పొరబడతారు. మాయాబజార్ 1957లో వచ్చింది. సినిమాకు, రికార్డుకు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లే గడువు కాబట్టి అవి 2017తో ముగిశాయి. దాంతో పాటలు కూడా ఊరి సొత్తయ్యాయని చాలామంది అనుకుంటున్నారు. బాణీల లెక్క వేరు. అందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, మిగిలినవి ఘంటసాలవి. ఘంటసాల 1974లో పోయారు, కాబట్టి ఆయన బాణీలకు 2034 చివరిదాకా రక్షణ ఉంది. రాజేశ్వరరావు 1999లో పోయారు, ఆయనవి 2059 దాకా. ఇదే లెక్కన పెండ్యాల బాణీలు 2044 దాకా, కె.వి.మహదేవన్ బాణీలు 2061 దాకా కాపీరైట్‌లోనే ఉంటాయి. కొవ్వూరులో పుట్టిన కీరవాణి బాణీల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

మాటలు వేరు, బాణీ వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన రాష్ట్రగీతం రాసిన శంకరంబాడి సుందరాచారి 1977లో కన్నుమూశారు, ఆయన సాహిత్యానికి 2037 చివరి దాకా గడువుంది. పాడకుండా వాయించే బ్యాండుకు సాహిత్యం హక్కుతో పనిలేదు, బాణీ హక్కుతోనే పని.

పెళ్లి ఊరేగింపులో కొత్త సినిమా పాట వాయిస్తే రాయల్టీ కట్టాలా?

అక్కర్లేదు. 52(1) సెక్షన్‌లోని జెడ్ఏ క్లాజు మతపరమైన వేడుకలకు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు జరిపే అధికారిక వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలు కూడా మతపరమైన వేడుకలోకే వస్తాయని ఆ క్లాజు కిందే వివరణ ఉంది. అయినా ఫంక్షన్ హాళ్లకు, హోటళ్లకు నోటీసులు వెళ్తున్నాయని ఫిర్యాదులు రావడంతో కేంద్ర ప్రభుత్వ పారిశ్రామిక శాఖ, డీపీఐఐటీ, 2023 జులై 24న బహిరంగ ప్రకటన ఇచ్చింది. పెళ్లి వేడుకల్లో పాటలకు రాయల్టీ అడగడం ఈ క్లాజుకు విరుద్ధమని అందులో చెప్పింది. ఆ ప్రకటన కాపీ ఒకటి బ్యాండు మాస్టరు దగ్గర, మరొకటి హాలు మేనేజరు బల్ల సొరుగులో ఉంచుకోవడం మంచిది.

మరి మార్చి రాసిన పాట వాయిస్తే? దీనికి జవాబు 52వ సెక్షన్ చివర్లో ఉంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. మూల రచనకు ఇచ్చిన మినహాయింపులన్నీ దాని అడాప్టేషన్‌కూ వర్తిస్తాయని రెండో ఉపసెక్షన్ చెబుతోంది. అంటే ఇరవైమంది వాయించే పాటను ఆరుగురికి కుదించి పెళ్లిలో వాయించినా మినహాయింపు పోదు. అది వాయించడం వరకే. ఆ కాగితాలను అచ్చేసి పక్కూరి బ్యాండుకు అమ్మితే మాత్రం అది పెళ్లి కాదు, వ్యాపారం.

గృహప్రవేశం, ఓణీల వేడుక, షాపు ప్రారంభం, ఎన్నికల ప్రచారం?

గృహప్రవేశం పూజ, గుడి ఉత్సవం, వినాయక నిమజ్జనం, చర్చి ఆరాధన మతపరమైన వేడుకలే. అంత్యక్రియల ఊరేగింపు కూడా అందులోకే వస్తుందనే నేను చదువుకుంటాను. ఓణీల వేడుక, పుట్టినరోజు, షష్టిపూర్తి విందు దగ్గర గీత సన్నగా ఉంటుంది. ఇంట్లో బంధువుల మధ్య వాయిస్తే అది బహిరంగ ప్రదర్శన కాదు. పెద్ద హాలులో ఊరంతటినీ పిలిచి, పూజతో సంబంధం లేని పాటల కార్యక్రమం పెడితే మినహాయింపు ఉందని ధీమాగా చెప్పలేను. వివరణలో ఉన్నది పెళ్లి అనే మాటే.

షాపు ప్రారంభానికి, రాజకీయ సభకు, అభ్యర్థి ప్రచారానికి మినహాయింపు లేదు. లైసెన్సు తీసుకోవలసినవారు నిర్వాహకులే అని ఒప్పుకున్నప్పుడే కాగితం మీద రాయించుకోండి.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ప్రభుత్వం జరిపే అధికారిక వేడుకలో వాయిస్తే మినహాయింపు ఉంది. అదే రోజుల్లో ఒక ప్రైవేటు సంస్థ రాజమండ్రిలో టికెట్టు పెట్టి జరిపే సంగీత విభావరికి లేదు.

స్కూలు బ్యాండుకు ఏవైనా వేరే నియమాలున్నాయా?

ఉన్నాయి, అవి దయగా ఉన్నాయి. విద్యాసంస్థ కార్యక్రమాల్లో ఆ సంస్థ ఉపాధ్యాయులు, విద్యార్థులు సంగీతం ప్రదర్శించడానికి మినహాయింపు ఉంది. ప్రేక్షకులు విద్యార్థులు, తల్లిదండ్రులు, స్కూలుతో సంబంధమున్నవాళ్లు అయితే మరీ నిశ్చింత. బోధనలో భాగంగా టీచరో విద్యార్థో రచనను కాపీ చేసుకోవడానికి ఇంకో క్లాజు ఉంది. 2016లో ఢిల్లీ హైకోర్టు రామేశ్వరి ఫొటోకాపీ కేసులో బోధనలో భాగం అన్న మాటకు విశాలమైన అర్థమే ఇచ్చింది. అడాప్టేషన్‌కూ మినహాయింపులు వర్తిస్తాయి కాబట్టి, మీ స్కూల్లో ఉన్న మూడు ట్రంపెట్లకు, రెండు ఫ్లూట్లకు తగ్గట్టు పాఠంగా రాసి నేర్పవచ్చు. రిపబ్లిక్ డే పరేడులో వాయిస్తే అది అధికారిక వేడుక.

వార్షికోత్సవానికి బయటి నుంచి డబ్బిచ్చి పిలిపించిన బ్యాండుకు మాత్రం ఈ స్కూలు మినహాయింపు రాదు.

ఊళ్లో కుర్రాళ్లం సరదాకి వాయిస్తాం, డబ్బు తీసుకోం. మాకు?

ఔత్సాహికుల క్లబ్బు లేదా సంఘం టికెట్టు లేకుండా ప్రదర్శిస్తే, లేదా ధార్మిక సంస్థ సహాయార్థం ప్రదర్శిస్తే మినహాయింపు ఉంది. క్రిస్మస్ కారల్స్‌కు ఇల్లిల్లూ తిరిగే చర్చి యువకుల బ్యాండుకు ఇది సరిగ్గా సరిపోతుంది.

అమెరికా నుంచి బ్యాండు స్కోరు కొని తెప్పించాం. మా జట్టుకు కుదించుకోవచ్చా?

కొన్నది కాగితం, హక్కు కాదు. స్కోరు కొంటే వాయించడానికి ఆ కాగితాలు వాడుకోవచ్చు, కొత్త అరేంజ్‌మెంట్ చేసే హక్కు దాంతో రాదు. కొన్న స్కోరును సులభం చేసుకోవచ్చని, రచన స్వభావం చెడగొట్టరాదని అమెరికాలో 1976లో విద్యాసంస్థల కోసం ప్రచురణకర్తలు, సంగీత ఉపాధ్యాయులు ఒప్పుకున్న మార్గదర్శకాలున్నాయి. అవి అక్కడివి, ఇక్కడ చట్టం కాదు. ప్రచురణకర్తకు ఒక ఈమెయిల్ రాయడం ఉత్తమం. ఏ పాట, ఎన్ని వాయిద్యాలు, ఎక్కడ వాయిస్తారు, ఎన్ని కాపీలు అనే నాలుగు సంగతులు స్పష్టంగా రాయండి.

స్వరకర్త పోయి 60 ఏళ్లు దాటితే ఇక్కడ అడగనక్కర్లేదు. 1932లో పోయిన సూసా మార్చింగ్ పాటలు, 1934లో పోయిన గుస్తావ్ హోల్స్ట్ బ్యాండు సూట్లు భారతదేశంలో అందరివీ. గ్రేంజర్ 1961లో పోయాడు, ఇక్కడ ఆయన రచనలకు 2021తో గడువు తీరింది. యూరప్‌లో గడువు 70 ఏళ్లు కాబట్టి అక్కడ 2031 దాకా ఉంటుంది. కాకినాడలో చేసిన అరేంజ్‌మెంటును లండన్‌లో అమ్మాలనుకుంటే అక్కడి లెక్క చూసుకోవాలి. ఇంకొకరు ఇటీవల చేసిన అరేంజ్‌మెంట్‌ను చూసి కుదిస్తే, మూలం పాతదైనా ఆ అరేంజర్ హక్కు మధ్యలో వస్తుంది.

టికెట్టు పెట్టి కచేరీ చేస్తే ఎవరిని అడగాలి?

రెండు అనుమతులు వేరువేరు. బహిరంగంగా వాయించడానికి రచయితల, స్వరకర్తల సంఘం ఐపీఆర్ఎస్ లైసెన్సు ఇస్తుంది. 1969లో పుట్టిన ఆ సంస్థ 2017లో కాపీరైట్ సొసైటీగా మళ్లీ నమోదైంది. దాని రేట్లు బహిరంగంగా ప్రకటించి ఉండాలని చట్టం. రికార్డు మోగిస్తేనే రికార్డు కంపెనీల లైసెన్సు కావాలి, స్వయంగా వాయించే బ్యాండుకు దానితో పనిలేదు. మార్చి రాయడానికి అనుమతి మాత్రం బాణీ హక్కుదారుని దగ్గరే అడగాలి. సినిమా పాటల విషయంలో ఆ హక్కుదారు తరచూ ఆడియో కంపెనీయే. పాట స్వరూపం ఎంత మార్చినా స్వరకర్తకు 57వ సెక్షన్ కింద మరో హక్కుంది. తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే ఆయన అడ్డుపడవచ్చు. భక్తి పాటను తీన్మార్ దరువులోకి దించే ముందు ఆ మాట గుర్తుంచుకోవాలి.

పెళ్లిలో వాయించిన వీడియో యూట్యూబ్‌లో పెట్టవచ్చా? ఆల్బమ్ చేయవచ్చా?

పెళ్లి మినహాయింపు పెళ్లి జరిగినంత సేపే. తర్వాత వీడియో అందరికీ పెట్టడం వేరే పని. యూట్యూబ్ బాణీని పట్టుకుంటే చాలాసార్లు వీడియో తీసేయదు, దానిమీద వచ్చే ఆదాయాన్ని హక్కుదారుకు మళ్లిస్తుంది. అది మీకు సమ్మతమైతే సరే, కానీ దాన్ని అనుమతి అనుకోకండి.

ఆల్బమ్‌కు 31సి సెక్షన్ దారి చూపిస్తుంది. పాట మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిసి అయిదేళ్లు దాటాక, ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందే చెల్లించి, కవర్ వెర్షన్ రికార్డు చేయవచ్చు. కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలన్న షరతు చిన్న బ్యాండుకు బరువే. హక్కుదారు సమ్మతితో ముందే జరిగిన మార్పులు, రికార్డింగుకు సాంకేతికంగా తప్పని మార్పులు తప్ప బాణీలో వేరే మార్పులు కూడా చేయకూడదు. నా దృష్టిలో చిన్న మేళాలు ఈ దారి పట్టేకన్నా త్యాగరాజ కృతులు, జానపదాలు, సొంత బాణీలతో ఆల్బమ్ చేయడం మేలు. ఆ డబ్బు, ఆ పేరు మీకే మిగులుతాయి.

నోటీసు వస్తే?

కంగారుపడి డబ్బు కట్టకండి, చింపి పారేయకండి. ఏ పాటలు, వాటి మీద మీకున్న హక్కు ఏమిటి, ఏ తేదీ కార్యక్రమం అని లిఖితపూర్వకంగా అడగండి. పెళ్లయితే జెడ్ఏ క్లాజు, డీపీఐఐటీ ప్రకటన జతచేయండి. ఆధారం లేని బెదిరింపుల మీద మీరే కోర్టుకు వెళ్లే వీలు 60వ సెక్షన్‌లో ఉంది. మరోవైపు నిజంగా ఉల్లంఘన జరిగితే అది చిన్న విషయం కాదు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉంది. పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలిసి లాభానికి హాలు ఇచ్చిన యజమానీ బాధ్యుడే.

బ్యాండుకు నేను రాసిచ్చిన అరేంజ్‌మెంట్ ఎవరిది? బ్యాండు ఓనరుదా, నాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సినవాళ్లు చాలామంది. శ్రుతి మార్చి యథాతథంగా దించినంత మాత్రాన కొత్త రచన అయిపోదు. కానీ తోడు వరస కల్పించి, మధ్యలో కొత్త వాయింపు పెట్టి, తాళపు నడక తీర్చితే అందులో మీ సృజన ఉంది. మూలం అందరిదైనా లేదా మీరు అనుమతి తీసుకున్నా, ఆ సృజన మేరకు కాపీరైట్ మీదే. నెలజీతానికి ఉద్యోగిగా ఉండి ఆ పనికే రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు అది యజమానిది. పాటకు ఇంత అని తీసుకుని రాస్తే, హక్కు రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా మీదే. నోటిమాట బదిలీ చెల్లదు. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని 19వ సెక్షన్ లెక్క.

వాయించేవాళ్లకూ హక్కులున్నాయి. మీ క్లారినెట్ వాయింపును అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్మడానికి వీల్లేదు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. మీ పేరు చెప్పాలని అడిగే హక్కు కూడా 2012 సవరణ ఇచ్చింది. ఊరేగింపు వీడియో లక్షలమంది చూస్తారు, అందులో వాయించినవాళ్ల పేర్లు ఒక్కటీ ఉండవు. జీవితమంతా మేళంలో గడిపి, వందల పాటలు జట్టుకు తగ్గట్టు తీర్చిన మాస్టర్ల పేర్లు వాళ్లతోనే పోతున్నాయి. ఆ అన్యాయం సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నది వాడుకుంటే చాలు.

కాపీరైట్ రావడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా తగాదా వస్తే అది పనికొస్తుంది. సంగీత రచనకు రుసుము 500 రూపాయలు, దరఖాస్తు పెట్టాక అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. నొటేషన్ రాదంటే స్కూలు సంగీతం టీచరు చేత రాయించుకోండి. కాగితం మీద మూలం ఎవరిది, అరేంజ్‌మెంట్ ఎవరిది, ఏ తేదీన చేశారు, ఏయే వాయిద్యాలకు అనేవి పైనే రాయండి. ఓనరుతో ఒప్పందం ఒక పేజీ చాలు: పాటకు ఎంత, ఆ జట్టు ఒక్కటే వాయించాలా, వేరే బ్యాండుకు ఇవ్వవచ్చా, రికార్డు చేస్తే వాటా ఎంత, పేరు ఎక్కడ వేస్తారు. ఇద్దరూ సంతకం పెట్టి చెరో కాపీ ఉంచుకోండి.